‘మాకు తెలియదు’ అనే ఏర్పాటు

పురుగుమందుల కొట్లో రైతుకిచ్చే చీటీ అరచెయ్యంత ఉంటుంది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద బాల్‌పెన్నుతో ‘మిర్చి 8 ప్యా’ అని ఒక వరస, కింద ఒక అంకె, పక్కన ‘బా’ అనే అక్షరం. ‘బా’ అంటే బాకీ. కొట్టు పేరుండదు, కంపెనీ పేరుండదు, లాట్ నంబరుండదు. తేదీ ఉంటే అదృష్టం. గుంటూరులో వినియోగదారుల కమిషన్ ముందు రైతుల తరఫున వాదించే వకీలుని నేను. ఇలాంటి చీటీలు నా ఫైళ్ల నిండా ఉన్నాయి. జులైలో నారు పోసేటప్పుడు రాసిన ఆ చీటీలో, జనవరిలో రాబోయే కేసుకి జవాబు ముందే ఉంటుంది. ‘ఆ విత్తనం మా కొట్లో కొన్నట్టు రుజువేంటి?’

తప్పు చేసినవాడు దొరికిపోయాక అబద్ధమాడి తప్పించుకుంటాడని మనం అనుకుంటాం. చేయి తిరిగినవాళ్లకి ఆ అవసరమే రాదు. వాళ్లు ముందే జాగ్రత్త పడతారు. రాయాల్సింది రాయరు, నోటితో చెబుతారు. తాము చేయాల్సిన పని ఇంకొకరికి అప్పగించి, ఆ ఇంకొకరు ఎలా చేస్తున్నారో అడగరు. చూడాల్సిన చోటికి వెళ్లరు, వెళ్లినా చూసింది కాగితం మీద పెట్టరు. రేపు ఎవరైనా నిలదీస్తే ‘మాకు తెలియదు’ అంటారు. ఆ మాట నిజం కూడా కావచ్చు! తెలియకుండా ఉండేలా ఏర్పాటు చేసుకున్నారు కాబట్టి. కోర్టులో అబద్ధాన్ని బయటపెట్టడం నాకు కష్టం కాదు. ఇలాంటి నిజాన్ని ఎదుర్కోవడమే కష్టం.

ఈ ఏర్పాటుని ప్రభుత్వ విధానంగా కాగితం మీద పెట్టింది అమెరికా. 1948 జూన్‌లో అక్కడి జాతీయ భద్రతా మండలి ఒక ఆదేశం తయారుచేసింది. విదేశాల్లో రహస్య కార్యకలాపాలు నడపొచ్చు, అయితే అవి బయటపడినా ప్రభుత్వం తనకేమీ సంబంధం లేదని నమ్మదగ్గట్టుగా చెప్పుకోగలగాలి అని దాని సారాంశం. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ సంఘం సీఐఏ హత్యాపథకాల మీద విచారణ జరిపితే, ఫలానా పథకానికి అధ్యక్షుడు ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రశ్నకే తేటగా జవాబు దొరకలేదు. డొంకతిరుగుడు మాటలతో, కాగితం లేకుండా నడిచిన వ్యవహారంలో దొరకదు మరి. 1987లో ఇరాన్–కాంట్రా ఆయుధాల కుంభకోణం విచారణలో, అధ్యక్షుడు రీగన్‌కి భద్రతా సలహాదారుగా ఉన్న అడ్మిరల్ పాయిండెక్స్‌టర్ డబ్బు మళ్లింపు సంగతి తాను కావాలనే ఆయనకి చెప్పలేదని, అధ్యక్షుడు తెలియదని చెప్పుకునే వీలు ఉంచాలనుకున్నానని చెప్పాడు. గూఢచారుల సంగతి మనకెందుకు అనిపించవచ్చు. ప్రత్తిపాడు, పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట ప్రాంతాల్లో పత్తీ మిర్చీ వేసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

వ్యవసాయంలో ఇది ఇంత బాగా పని చేయడానికి కారణముంది. పంట పోవడానికి దారులు చాలా ఉంటాయి. వాన, ఎండ, తెగులు, నీటి ఎద్దడి, ఎరువు, మందు, విత్తనం, అన్నీ నిజమైన కారణాలే. కాబట్టి ఎవరికి వాళ్లు పక్కవాడి వైపు చెయ్యి చూపించొచ్చు, చూపించిన ప్రతి కారణమూ నమ్మేటట్టే ఉంటుంది.

1987–88 పత్తి పంటనే తీసుకోండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్లకి ఆ ఏడాది ఇప్పటికీ గుర్తే. తెల్లదోమ ముంచెత్తింది, శనగపచ్చ పురుగు కాయల్ని తొలిచింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులపాలైన పత్తిరైతులు ఇక్కడే ప్రాణాలు తీసుకున్నారు. రాష్ట్రంలో పత్తిరైతుల ఆత్మహత్యలు మొదటిసారి పెద్ద వార్తయింది అప్పుడే. రైతులు కల్తీమందు అన్నారు. అమ్మినవాళ్లు రైతులు అడ్డదిడ్డంగా కొట్టారన్నారు. 1989లో మెక్‌కాఫరీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇక్కడి పురుగుల మీద చేసిన పరీక్షల ఫలితాలు అచ్చయ్యాయి. 80ల మొదట్లో దిగిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకి శనగపచ్చ పురుగు బాగా తట్టుకునే స్థాయికి వచ్చేసిందని తేలింది. అంటే డబ్బాలో ఉన్నది అసలైన మందే అయినా పని చేయని పరిస్థితి. అవే మందులు మిత్రపురుగుల్ని చంపి తెల్లదోమని పెంచాయి కూడా. అయినా ఆ మందుల్నే మళ్లీ మళ్లీ కొట్టమని చెప్పిందెవరు? కొట్లో నోటితో చెప్పిన సలహా అది. సలహాకి రసీదు ఉండదు. ఆ ఏడాది నష్టానికి జవాబుదారీ ఎవరో తేలలేదు.

ఇలాంటిదే 2010లో ఇంకో రూపంలో వచ్చింది. గుజరాత్‌లోని కొన్ని జిల్లాల్లో గులాబీ రంగు పురుగు తన మొదటి తరం బీటీ పత్తిని తట్టుకుంటోందని మోన్‌శాంటో కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, పురుగు బీటీకి అలవాటు పడకుండా చేను చుట్టూ వేయాల్సిన బీటీ కాని పత్తి వరసలు రైతులు సరిగా వేయకపోవడం, అనుమతి లేని బీటీ విత్తనాలు ముందే వ్యాపించడం కారణాలుగా చూపింది. రైతులు ఆ వరసలు వేయలేదన్నది నిజమే. ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం పొట్లం పెట్టి చేతులు దులుపుకుంటే, అరెకరం కూడా వదులుకోలేని కౌలురైతు దాన్ని ఎందుకు వేస్తాడని ముందే ఆలోచించాల్సిన బాధ్యత ఎవరిది?

విత్తనం కేసు ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెబుతాను. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత రాదు. లేదా ఒకే చేలో మూడు రకాల కాయ కాస్తుంది. రైతు కొట్టుకి పోతే, ‘నేను మూసిన ప్యాకెట్టు తెచ్చి మూసినట్టే అమ్మాను మామా, కంపెనీనడుగు’ అంటాడు కొట్టాయన. కంపెనీ మనిషి వచ్చి చేను గట్టు మీద నిలబడి ఫోటోలు తీసుకుంటాడు. కొన్ని రోజులకి జవాబు వస్తుంది. ఆ లాట్‌లో ఇంకెక్కడా ఫిర్యాదు లేదు, యాజమాన్య లోపమో వాతావరణమో కారణం కావచ్చు అని. అధికారి రికార్డు తీసి, ఆ లాట్ నమూనా పరీక్షలో పాసైందంటాడు. ఇక్కడే ఉంది కీలకమంతా. ఆ పరీక్ష మామూలుగా మొలక శాతానికి చేసేది. మిర్చి విత్తనం వందకి అరవై మొలిస్తే కనీస ప్రమాణం దాటినట్టే. రైతు కష్టం మొలక గురించి కాదు, మొలిచింది ఏ మొక్క అన్నదాని గురించి. జన్యు స్వచ్ఛత తేలాలంటే విత్తనం నాటి పెంచి చూడాలి, దానికి ఒక పంటకాలం పడుతుంది. ప్రయోగశాలలో డీఎన్‌ఏ పరీక్ష చేయాలంటే పోల్చడానికి అసలు జనక రకాల నమూనా కావాలి. అది కంపెనీ దగ్గరే ఉంటుంది.

చట్టం బలహీనంగా ఉన్నమాట నిజం. 1966 విత్తన చట్టం కింద మొదటి తప్పుకి జరిమానా 500 రూపాయలు మించదు. ధ్రువీకరణ ఆ చట్టంలో ఐచ్ఛికం. ప్యాకెట్ మీద కంపెనీ తానే ముద్రించుకున్న హామీతో విత్తనం అమ్మొచ్చు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కొన్న ప్రతివాళ్లకీ బిల్లు ఇవ్వాలంటుంది. అప్పు మీద కొనే రైతు బిల్లు ఎలా అడుగుతాడు? గట్టిగా అడిగితే, ‘ఏం మామా, నా మీద నమ్మకం లేదా’ అన్న మాట వస్తుంది. ఆ తర్వాత ఎరువుకి అరువు పుట్టదు.

ఈ కేసుల్లో ఎదుటి పక్షం ఆఖర్న తీసే అస్త్రం ఒకటుంది. విత్తనంలో లోపం ఉందంటున్నారు కదా, ఆ విత్తనాన్ని ప్రయోగశాలకి పంపించి నివేదిక తెండి అని. విత్తనమంతా భూమిలో చల్లిన మనిషిని ఈ మాట అడుగుతారు! దీనికి జవాబు దొరికింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసుల్లోనే. 1998లో ఒక పొద్దుతిరుగుడు రైతు కేసులో, అనుమానం ఉంటే పరీక్ష చేయించాల్సింది విత్తన కంపెనీయేనన్న వైపు సుప్రీంకోర్టు నిలిచింది. 2012 జనవరి 16న ఇంకా తేటగా చెప్పింది. అప్పుడు ఎదుటి పక్షం సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వ సంస్థ, జాతీయ విత్తన సంస్థ. ఆంధ్రప్రదేశ్ రైతులు గెలుచుకున్న పరిహారం మీద అది ఢిల్లీ దాకా పోయింది. రైతులు వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి వినియోగదారులే కారంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉంది కాబట్టి ఇక్కడికి రాకూడదంది. విత్తనానికి వేరే చట్టం ఉందంది. ప్రయోగశాల నివేదిక ఏదని అడిగింది. జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ ధర్మాసనం వీటన్నిటినీ తోసిపుచ్చింది. విత్తనం చెడిపోతుందని ముందే ఊహించి కొంత పక్కన దాచుకోవాలని ఏ రైతు నుంచీ ఆశించలేమనీ, నమూనాలు ఉంచుకోవాల్సిన సంస్థే వాటిని పరీక్షకి పెట్టి ఉండొచ్చనీ చెప్పింది. కొత్త కేసు వేసిన ప్రతిసారీ ఈ తీర్పు నకలు జతచేస్తాను. తెలుసుకోగలిగిన వాడే తెలుసుకోవాలని, ‘తెలియదు’ అన్న మాట చెప్పే వెసులుబాటు వాడికి లేదని ఇంత సూటిగా చెప్పిన తీర్పు ఈ రంగంలో నాకింకోటి కనబడలేదు.

విత్తనం అమ్మేచోటే కాదు, తయారయ్యేచోట కూడా ఇదే ఏర్పాటు. మన పత్తిచేలల్లో పడే హైబ్రిడ్ విత్తనం ఎక్కువగా తయారయ్యేది నంద్యాల, కర్నూలు, గద్వాల వైపు. అక్కడ ‘క్రాసింగ్’ అంటారు. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గని విప్పి అందులోని కేసరాల్ని చేత్తో గిల్లేస్తారు, తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. ప్రతి మొగ్గకీ ఇదే పని, నెలల తరబడి. ఈ పనికి పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని పెట్టేవారు. దావులూరి వెంకటేశ్వర్లు గారు 2003లో వెలువరించిన అధ్యయనం ఈ పొలాలకీ బహుళజాతి విత్తన కంపెనీలకీ ఉన్న లంకెని పేర్లతో సహా బయటపెట్టింది. కంపెనీల జవాబు ఊహించదగ్గదే. మా ఒప్పందం మధ్యలో ఉండే ఆర్గనైజర్‌తో, ఆర్గనైజర్ ఒప్పందం రైతుతో, పిల్లల్ని పెట్టింది రైతు, మాకు సంబంధం లేదు.

కాగితం ప్రకారం అది నిజమే. ఇప్పుడు ఆ చేలోకి వెళ్లి చూద్దాం. మూలవిత్తనం ఇచ్చేది కంపెనీ. కొనే ధర నిర్ణయించేది కంపెనీ. స్వచ్ఛత బాగాలేదని లాట్‌ని తిరగ్గొట్టేది కంపెనీ. మొగ్గలు సరిగా గిల్లుతున్నారో లేదో చూడటానికి పంటకాలమంతా చేలో తిరిగేది కంపెనీ మనుషులు. మొగ్గలో మిగిలిపోయిన ఒక్క కేసరాన్ని పట్టుకునే కంటికి, ఆ మొగ్గ పట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల ఎలా కనబడదు? ఆ ధరతో పెద్దవాళ్లకి కూలి కట్టివ్వడం రైతుకి సాధ్యం కాదని వెంకటేశ్వర్లు గారూ లూసియా డ కోర్టా గారూ తర్వాతి అధ్యయనంలో లెక్కలు తీశారు. అంటే పిల్లల్ని పెట్టాలనే నిర్ణయం ఆ ధరలోనే ఉంది. బయటి ఒత్తిడి పెరిగాక కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతుకి అదనపు ధర, పెట్టినవాడికి కోత అనే షరతులు తెచ్చాయి. తలచుకుంటే చేయగలిగిన పనే అని వాళ్లే రుజువు చేశారు.

2017 ప్రాంతంలో ఇక్కడి చేలలో గ్లైఫోసేట్ గడ్డిమందు కొట్టినా చావని పత్తి బాగా కనబడసాగింది. ఊళ్లలో ‘బీజీ–3’ అంటారు. అధికారికంగా ఆ పేరుతో విత్తనమేదీ లేదు. కలుపుమందు తట్టుకునే పత్తికి కేంద్రం నుంచి వాణిజ్య సాగు అనుమతి రాలేదు. ఆ సాంకేతికత కోసం మోన్‌శాంటో భాగస్వామి కంపెనీ మహికో పెట్టుకున్న దరఖాస్తుని 2016లో వెనక్కి తీసుకుంది. ఆ జన్యువున్న పత్తి మాత్రం ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో పండుతోంది. తమకేమీ సంబంధం లేదని, ఎవరో అక్రమంగా కలిపారని మోన్‌శాంటో వర్గం అంది. కేంద్రం పరిశీలక సంఘాన్ని వేసింది. కొట్లవాళ్లు ‘ప్యాకెట్టు మీద బీజీ–2 అనే ఉంది’ అన్నారు. దీనిలో నన్ను బాగా కలవరపెట్టేది రైతు పరిస్థితి. ఆ పంట పోతే ఫిర్యాదు ఇవ్వడానికి వీల్లేదు. ఇస్తే అనుమతి లేని విత్తనం వేశానని ఒప్పుకున్నట్టే. నష్టపోయినవాడి నోరు ముందే మూసిన సరుకు అది.

మిర్చిలో అయితే సీసాల కథ. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిర్చి చేలని ఊడ్చేసింది. పూతలో దూరి పూతని రాల్చేస్తుంది, మామూలు మందులకి లొంగదు. ఆ భయంలో ‘బయో’ మందుల అమ్మకం ఊపందుకుంది. అలాంటి సీసా ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. లేబుల్ మీద పచ్చటి ఆకు బొమ్మ. మొక్కల పెరుగుదలకి తోడ్పడుతుంది, ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుంది, సేంద్రియం. పురుగు అన్న మాట ఎక్కడా లేదు. కొట్లో మాత్రం ఏమని ఇచ్చారో రైతు నాకు అప్పజెప్పాడు. ‘ఇది కొట్టు బాబాయ్, మూడో రోజుకి నల్లతామర కనపడితే డబ్బులు వాపసు.’

లేబుల్‌కీ నోటికీ మధ్య ఇంత దూరం ఎందుకంటే, పురుగుని చంపుతుందని సీసా మీద రాస్తే 1968 పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. కేంద్రంలో రిజిస్ట్రేషన్ కావాలి, విషప్రభావం మీదా పనితనం మీదా పరీక్షల వివరాలు ఇవ్వాలి. పెరుగుదల మందు అని రాస్తే ఆ బెడద లేదు. బయోస్టిమ్యులెంట్లని 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చేదాకా వాటిని పట్టించుకునే చట్టమే సరిగా లేదు. ఇలాంటి బయో సీసాల్లో రసాయన పురుగుమందు కలిసి ఉన్నట్టు తనిఖీల్లో బయటపడ్డ సందర్భాలున్నాయి. పురుగు చచ్చిందా, సీసా ఘనత. చావలేదా, మేమెప్పుడు చెప్పాం పురుగు చస్తుందని, లేబుల్ చదువుకోలేదా? మిర్చిలో మందు అవశేషాలు ఎక్కువున్నాయని కొనేవాళ్లు తిరగ్గొడితే, రైతు అతిగా కొట్టాడు. సీసాలో ఏముందో ఆ రైతుకి ఎవరూ చెప్పలేదు.

రైతులు కూడా అన్నీ నిజమే చెబుతారని నేననను. గడ్డిమందు పత్తి అని తెలిసే కొని, తెలియదన్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. కొట్లవాళ్లలో కూడా కంపెనీ ఒత్తిడికీ రైతుల బాకీలకీ మధ్య నలిగేవాళ్లున్నారు. అయితే ఇద్దరి ‘తెలియదు’ ఒకే తూకం కాదు. ఒకడు తెలుసుకునే దారి లేక తెలియదంటాడు, లేదా బతుకుభయంతో అంటాడు. ఇంకొకడికి ప్రయోగశాల ఉంది, చేలో తిరిగే మనుషులున్నారు, వకీళ్లున్నారు, అయినా తెలియదంటాడు. వినేవాళ్లు ముందు ఈ తేడా చూడాలి.

ప్రభుత్వం దగ్గరికి వస్తే, అక్కడ కాగితమే తప్పించుకునే మార్గం. 2004 జూన్‌లో జీవో 421 వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర, అందులో లక్ష పునరావాసానికి, యాభై వేలు అప్పుల సర్దుబాటుకి. మరణం వ్యవసాయ కష్టాల వల్లనేనా అని డివిజన్ స్థాయిలో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ముగ్గురూ తేల్చాలి. తర్వాత మొత్తం పెరిగింది, ముగ్గురి విచారణ మాత్రం ఉంది. వాళ్లు అడిగేవి పాసుపుస్తకం, బ్యాంకు అప్పు కాగితం. చనిపోయింది కౌలురైతైతే పాసుపుస్తకం ఇంకొకరి పేరున ఉంటుంది. అప్పు కొట్లోదీ, కమీషన్ వ్యాపారిదీ. ఆ ఇంటి ఇల్లాలి చేతిలో ఉండేవి తెల్లచీటీలే. ‘ఆధారాలు లేవు’ అని ఫైలు మూస్తారు. కౌలు నోటిమాటగా ఉండనిచ్చిన వ్యవస్థే, అది నోటిమాట కాబట్టి నమ్మలేమంటుంది. ఆ ఫైలు మూసిన అధికారి అబద్ధం రాయలేదు. ఆ ఇంట్లో కూర్చుని, ఆ చేను ఎవరు దున్నారో ఊరు ఊరంతా చెబుతుంటే విన్నవాళ్లకి మాత్రం ఆ వాక్యం ఎంత క్రూరమైనదో తెలుస్తుంది.

దీనికి పరిష్కారమంటూ 2011లో రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలురైతుకి పంట మీద హక్కు, పంట రుణం, బీమా, నష్టపరిహారం వస్తాయి. భూమి మీద ఎలాంటి హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. ఒక్కటే చిక్కు, దాని మీద యజమాని సంతకం పెట్టాలి. పెట్టరు.

ఆ యజమానులు ఎవరో కాదు. ఉద్యోగాలకని హైదరాబాదులోనూ బెంగళూరులోనూ డాలస్‌లోనూ స్థిరపడ్డ మన ఇళ్లవాళ్లే, ఈ పత్రిక చదివేవాళ్లే. ఒక కౌలురైతు కోసం అలాంటి ఒకాయనకి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు. ‘పొలం సంగతులు నాకేం తెలియవమ్మా, అన్నీ మా బావమరిది చూసుకుంటాడు’ అన్నారు. బావమరిదికి చేస్తే, ‘మా బావని అడగకుండా నేనెట్టా పెడతానమ్మా సంతకం’ అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. కౌలు డబ్బు మాత్రం ముందే చేరింది, ఎవరి ఖాతాకో ఇద్దరికీ తెలుసు.

మీ పొలం కౌలుకిచ్చి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ఊరికి ఫోన్ చేయండి. దున్నేది ఎవరో పేరు అడగండి. పంటకాలం మొదట్లోనే గ్రామ సచివాలయంలో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టండి. మిర్చి నారు పోసే ముందే చేయండి, ఈ–పంట నమోదులో ఆ మనిషి పేరు ఎక్కేలా.